మళ్ళీ ఇచ్చిన కాఫీ

కుట్టు దుకాణం నుంచి,
జనవరి 9

మరదలు పిల్లా,

ఫోనుండగా ఉత్తరం రాస్తోందేమిటి, వదినకి మతిగాని పోయిందా అనుకోకు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అదీ మీ అన్నయ్య బోర్డులు రాసుకునే గదిలో గోడకి ఉంది. నేను వంటింట్లో గొణిగినా ఆయనకి వినిపిస్తుంది. అందుకని దుకాణంలో కుట్టు మిషను మీద కాగితం పరుచుకుని రాస్తున్నాను. నువ్వూ దుకాణం చిరునామాకే రాయి.

ముందే చెబుతున్నాను, కంగారు పడకు. పోయిన నెల నిచ్చెనెక్కి మందుల షాపు బోర్డు రాస్తూ మీ అన్నయ్య గుండె దడగా ఉందని దిగి మెట్టు మీద కూలబడ్డారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె నిక్షేపంగా ఉంది, దాన్ని పరుగులు పెట్టిస్తున్నది కాఫీ అని తేల్చాడు. రోజుకి ఎన్నిసార్లు తాగుతారని అడిగితే మీ అన్నయ్య నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. ఆ రోజునుంచీ కాఫీ బంద్.

ఆయన మాట మీద నిలబడ్డారు, దడ కూడా తగ్గింది. ఆగకూడనిది కూడా ఆగిపోయింది, అదే నా బాధ. నీకు తెలుసుగా ఆయన పద్ధతి. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని ఒక గుక్క తాగి, ఊపిరి బిగబట్టి మొదటి గీత గీస్తారు. ఇప్పుడు గ్లాసు లేదు, గీతా లేదు. గ్రంథాలయం వాళ్ళ బోర్డు తెల్ల రంగు పూసుకుని గోడకి ఆనుకుని అలాగే ఉంది. పొద్దున్నే దాని ముందు కూర్చుంటారు, మధ్యాహ్నానికి లేచిపోతారు. మొన్న ఏమన్నారో తెలుసా, ఇక ఈ పని మెషీన్లో అచ్చేసి అతికించేవాళ్ళకి ఇచ్చేద్దామన్నారు. ఆ అతికించేవాళ్ళ పేరెత్తితే అన్నం మానేసే మనిషి. నాకు నిజంగా భయమేసింది. కుంచె వదిలేస్తే ఆ మనిషిలో ఇంకేం మిగులుతుంది చెప్పు.

కెఫీన్ తీసేసిన కాఫీ ఒకటుంటుందని విని, ఇక్కడ పెద్ద షాపులో ఒక డబ్బా కొన్నాను. ఒక గుక్క తాగి ఎంతో మర్యాదగా, "కషాయం బాగుంది, నీకేమైనా జలుబు చేసిందా?" అన్నారు. మిగతాది ఆ గ్లాసులోనే ఉండిపోయింది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కాఫీ గింజల మధ్యే ఉన్నదానివి. తాగితే కాఫీ తాగినట్టుండేది, గుండె జోలికి పోనిది ఏదన్నా ఉంటే చూసి పంపు. నేను ఇంతవరకూ నిన్నేదీ అడగలేదు. అడిగానంటావేమో, అవి లెక్కలోకి రావు.

నీ వదిన


కాఫీ కొట్టు నుంచి,
జనవరి 17

వదినమ్మా,

ఎన్నేళ్ళకి దొరికావు. నేను పంపిన ప్రతి పొడికీ ఒక వంక పెట్టావు. ఒకసారి చేదన్నావు, ఒకసారి పులుపన్నావు, ఒకసారి అయితే గోనెసంచి వాసనన్నావు. ఇప్పుడు కాఫీలో ప్రాణం తీసేసి, బతికున్నట్టు కనిపించేలా పంపమంటున్నావు. బాగుంది నీ వరస.

నిజం చెప్పనా, నా కొట్టుకొచ్చి ఎవరన్నా ఆ కెఫీన్ తీసేసిన కాఫీ, అదే డికాఫ్, అడిగితే ఎదురు కొట్టు చూపిస్తాను. అది నాకు పరువు తక్కువ. కానీ అన్నయ్య కుంచె పట్టడం లేదని చదివాక ఆ పరువు కాస్తా ఎగిరిపోయింది. చిన్నప్పుడు నా పలక మీద పేరు అన్నయ్యే రాసిచ్చేవాడు. మా టీచరు అది చూసి, నీకు అచ్చు పలక ఎక్కడ దొరికిందని అడిగింది.

నువ్వు కొన్న డబ్బా సంగతి నాకు తాగకుండానే తెలుసు. ఎప్పుడు వేయించారో, ఎప్పుడు పొడి చేశారో దేవుడికే తెలియాలి. కెఫీన్ తీయడానికి గింజని నానబెడతారు, ఆరబెడతారు. కొందరు రసాయనాలు వాడతారు, కొందరు ఒట్టి నీళ్ళతోనే తీస్తారు. ఎలా తీసినా ఆ గింజ అప్పటికే నీరసపడి ఉంటుంది. దానికి నాసిరకం గింజ తీసుకుని, బొగ్గయ్యేదాకా మాడ్చి, డబ్బాలో నెలల తరబడి పడేస్తే కషాయం కాక ఏమవుతుంది. నేను నీళ్ళతో తీసిన గింజలు తెప్పించి నా చేత్తో వేయిస్తున్నాను. ఒక పొట్లం ఈ ఉత్తరంతోనే వస్తోంది.

ఒక్క షరతు. అన్నయ్యకి మాత్రం చెప్పకు. డికాఫ్ అన్నావంటే నాలుకకి తగలకముందే మొహం చేదు పెట్టేస్తాడు, ఇక దేవతలు దిగొచ్చి కలిపిచ్చినా ఒప్పుకోడు. డాక్టరు మళ్ళీ తాగొచ్చన్నాడని చెప్పేసెయ్. తాగేది ఎలాగూ డికాఫే కాబట్టి పాపం కూడా రాదు.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం నుంచి,
జనవరి 28

పిల్లా,

పొట్లం అందింది. మీ అన్నయ్యకి ఇవ్వలేదు. కోప్పడకుండా పూర్తిగా చదువు.

కొలత తీసుకోకుండా నేను కత్తెర వెయ్యను. ముందు నేనే కలుపుకుని తాగాను. మాడు వాసన, వదినా మరదళ్ళ మధ్య దాపరికం ఎందుకు. పాలెక్కువ పోస్తే మాడిన పాలలా ఉంది, తక్కువ పోస్తే మసినీళ్ళలా ఉంది. అబద్ధమాడమని చెప్పావు, సరే, ఎలాగో ఆడతాను. ఆ అబద్ధానికి తగ్గ కాఫీ అయినా ఉండాలి కదా. నాకు అసలే నోట్లో మాట ఆగదు, మొహంలో అంతకన్నా ఆగదు.

ఇక్కడ పరిస్థితి బాగోలేదు. నిన్న కుంచెలన్నీ నూనెతో తుడిచి గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశారు. దుమ్ము పడుతోందని అన్నారు. రోజూ వాడేవాటికి దుమ్మెలా పడుతుందని నేను అడగలేదు. గ్రంథాలయం ఆవిడ మళ్ళీ వచ్చి వెళ్ళింది, మంచిది కాబట్టి తొందర పెట్టలేదు. తొందరగా ఇంకోటేదైనా చెయ్యి.

నీ వదిన


కాఫీ కొట్టు నుంచి,
ఫిబ్రవరి 6

మసినీళ్ళ వదినకి,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. గింజలు వేయించే మనిషితో మాడిందనడం, నీతో జాకెట్టు చంకలో పట్టేసిందనడం ఒకటే. కోపం తగ్గాక నేనూ కలుపుకుని తాగాను. మాడింది.

తప్పెక్కడ జరిగిందో చూసుకున్నాను. మామూలు పచ్చి గింజ ఆకుపచ్చగా ఉండి, వేగేకొద్దీ రంగు మారుతుంది. నా కంటికి ఆ రంగే అలవాటు. ఈ డికాఫ్ గింజ వేయించకముందే గోధుమరంగులో ఉంటుంది. రంగు నమ్ముకుంటే మోసపోతాం. అందుకని ఈసారి కళ్ళని పక్కన పెట్టి చెవినీ ముక్కునీ నమ్ముకున్నాను. ఇది మామూలు గింజలా గట్టిగా చిటపటలాడదు, మూత కింద ఎవరో సణుగుతున్నట్టుంటుంది. ఆ సణుగుడు మొదలైన కాసేపటికే దించేశాను. రెండు దఫాలు పారబోశాక మూడోది కుదిరింది. చెప్పకుండా మా పక్క కొట్టు వాచీల ఆయనకి ఇస్తే, తాగి ఇంకో గ్లాసు అడిగాడు. ఆయన ఊరికే ఇస్తే ఏదైనా అడుగుతాడనుకో.

జాగ్రత్తగా విను. ఇది తొందరగా వాసన పోగొట్టుకుంటుంది, అందుకే చిన్న పొట్లాలు కట్టాను. ఒకటి అయ్యాకే ఇంకోటి విప్పు. మామూలుగా వేసే దానికన్నా ఒక చెంచా ఎక్కువ వెయ్యి. నీళ్ళు తెర్లుతుండగా పొయ్యకు, దించి కాస్త ఆగి పొయ్యి. పాలు చూసుకుని పొయ్యి, నీది పెద్ద చెయ్యి.

ఇక అబద్ధం నీ పని. అద్దం ముందు ఒకసారి చెప్పి చూసుకో.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం నుంచి,
ఫిబ్రవరి 20

బంగారు మరదలికి,

ఇన్నాళ్ళూ నీ పొడికి పెట్టిన వంకలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. గోనెసంచి మాట తప్ప, అది నిజం.

ముందు నేను తాగాను. తాగి కుర్చీలో కూర్చుండిపోయాను. తియ్యటి వాసన, కాస్త చేదు, గొంతు దిగాక కూడా కాసేపు నోట్లో ఉంది. ఇదే కాఫీ కాకపోతే మరేది కాఫీ అనుకున్నాను. ఆయనకి కలిపి తీసుకెళ్ళాను. అద్దం ముందు చెప్పుకున్న మాట కాస్తా ఆ మొహం చూడగానే మర్చిపోయాను. "డాక్టరు ఇక మీకేం కావాలంటే అది తాగొచ్చన్నారు" అనేశాను. కళ్ళు కిందకి దించేసుకున్నాను. ఆయన నన్ను చాలాసేపు చూశారు. నా పని అయిపోయింది, పట్టేశారనుకున్నాను. ఆయనేమో గ్లాసు తీసుకుని నెమ్మదిగా, అడుగు దాకా తాగారు. తర్వాత, పంచదార కూడా వేశావా అని అడిగారు. వేశానన్నాను. తలూపారు.

మర్నాడు కుంచెలు కిందకి దిగాయి పిల్లా. గ్రంథాలయం బోర్డు అయిపోయింది. అంత చక్కటి అక్షరాలు ఆయన పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు కూడా రాయలేదు. గీత దగ్గర చెయ్యి వణకలేదు, దడా రాలేదు.

ఇంకా ఉంది విను. నీ పొడిలో ఏం కలిపావో గాని మనిషే మారిపోయాడు. ఎన్నాళ్ళనుంచో ఊగుతున్న కిటికీ గొళ్ళెం బిగించారు. ఒకప్పుడు నిచ్చెన విషయంలో గొడవపడి మాటలు మానేసిన తాళాల కొట్టు ఆయన ఇంటికి తనంతట తానే వెళ్ళి కూర్చుని వచ్చారు. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి ఏ డబ్బాలో ఏ రంగుందో, ఏ రంగు ఏ దుకాణంలో దొరుకుతుందో చెబుతున్నారు. నాకెందుకండీ అంటే, తెలిసుండటం మంచిదన్నారు. పెళ్ళైన కొత్తలో పిలిచినట్టు నన్ను పిచ్చుకా అని పిలుస్తున్నారు. ఈ వయసులో, ఈ ఒళ్ళుతో, పిచ్చుకట.

అసలు సంగతి ఆఖర్న చెబుతున్నాను. నా కుట్టు దుకాణానికి బోర్డు రాశారు. ఊరందరికీ రాసే మనిషి పెళ్ళానికి ఇన్నేళ్ళూ అట్టముక్కే గతి. ఇదిగో అదిగో అంటూ వచ్చిన మనిషి నీలం రంగు మీద పసుపు అక్షరాలతో, చివర సూదీ దారం బొమ్మ వేసి తెచ్చి తగిలించారు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని వెక్కిరిస్తే, "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు రాస్తాను" అన్నారు. వీధిలోనే ఏడుపొచ్చేసింది నాకు, సంతోషంతో. మంచి కాఫీ ఇంత పని చేస్తుందని తెలిస్తే నీతో పోట్లాడి అయినా ఎప్పుడో చేయించుకునేదాన్ని.

నీ పిచ్చుక వదిన


కాఫీ కొట్టు నుంచి,
ఫిబ్రవరి 27

వదినా,

ఈ ఉత్తరం మా సరుకు వ్యాను డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. చదవగానే దుకాణం మూసి ఇంటికి వెళ్ళు.

నీ ఉత్తరం చూసుకుని మురిసిపోయాను. వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. గొప్పలు పోతూ నీకు సగం ఉత్తరం కూడా రాశాను. ఇంతలో నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. మనవాడు తనంతట తాను ఎప్పుడు ఫోన్ చేశాడు గనక. కొట్టెలా ఉందన్నాడు. నాన్న ఫోటో నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. తర్వాత, వదిన పైకి గట్టిగా కనిపిస్తుంది గాని లోపల మెత్తన, అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వస్తూండు అన్నాడు. నేను సరే సరే అంటూనే ఉన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాక నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నీకు సగం రాసిన ఆ గొప్పల ఉత్తరం చింపేశాను.

నువ్వప్పటికి ఇంకా మన ఇంట్లో అడుగుపెట్టలేదు, నీకు తెలియదు. మా నాన్నకి జబ్బు చేసినప్పుడు డాక్టరు కాఫీ మాన్పించాడు, పంచదార మాన్పించాడు. నాన్న అడుగుతుంటే అమ్మ పోట్లాడేది. ఒకరోజు డాక్టరు అమ్మని బయటికి పిలిచి, ఇక ఆయనకి ఏం కావాలంటే అది ఇవ్వండి అన్నాడు. అమ్మ లోపలికొచ్చి కళ్ళు దించుకుని, ఆ మాటే అన్నయ్యకి చెప్పి, పంచదార వేసి కాఫీ కలపమంది. కలిపి ఇచ్చింది అన్నయ్యే. నాన్న అడుగు దాకా తాగాడు. ఆ వారం దాటలేదు.

అర్థమైందా వదినా. నువ్వు కళ్ళు దించుకుని, అవే మాటలు చెప్పి కాఫీ ఇచ్చావు. అన్నయ్య తను పోతున్నాననుకుంటున్నాడు. గొళ్ళెం, తాళాల ఆయన, రంగు డబ్బాలు, నీ బోర్డు, అన్నీ అందుకే. మనం సంతోషపడుతూ కూర్చున్నాం.

నేను ఫోన్ చేసి చెప్పేదాన్ని, కానీ నా మాట నమ్మడు. ఓదారుస్తున్నాననుకుంటాడు. అబద్ధం చెప్పమన్నది నేను, చెప్పింది నువ్వు. నిజం మాత్రం నువ్వే ఎదురుగా కూర్చుని చెప్పు. కావాలంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆయన నోటితో చెప్పించు. ఇవాళే.

నీ ఆడపడుచు


కుట్టు దుకాణం నుంచి,
మార్చి 4

పిల్లా,

చెప్పాను. దుకాణం తలుపు వేసిందీ లేనిదీ గుర్తులేదు, పరిగెత్తుకుంటూ వెళ్ళాను. ఆయన కుర్చీలో కూర్చుని నా బోర్డుకి వాడగా మిగిలిన నీలం రంగు చిన్న డబ్బాలోకి వంపుతున్నారు. పొట్లాలు, నీ ఉత్తరాలు అన్నీ ముందు పడేశాను. ఇది డికాఫ్, డాక్టరు అలా అనలేదు, మీ గుండెకేమీ లేదు అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన ఉత్తరాలు ఒక్కొక్కటే చదివారు. తర్వాత, "అయితే నేను పోవడం లేదా?" అని అడిగారు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగారు పిల్లా. నేను ఆయన తల పొట్టకి హత్తుకుని ఏడ్చాను. ఆయనా ఏడ్చారు. ఇన్ని రోజులూ పక్కన పడుకుని, పొద్దున్నే లేచి గొళ్ళేలు బిగించుకుంటూ, ఒక్కడే ఆ బరువు మోశాడు ఆ మనిషి. నాకు తెలిసిపోతుందని నన్ను నవ్విస్తూ మోశాడు. 

నమ్మకం కోసం డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాం. ఆయన మళ్ళీ చూసి, బ్రహ్మాండంగా ఉన్నారన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఇంటికొచ్చాక కోపం మొదలైంది. నా మీద, నీ మీద, నీ పొడి మీద. గ్లాసు పెడితే పక్కకి జరిపేస్తున్నారు. అరవరు, తిట్టరు, మర్యాదగా జరుపుతారు, అదే ఎక్కువ బాధ. కుంచెలు మళ్ళీ గుడ్డలోకి వెళ్ళాయి. పని చెయ్యరా అంటే ఒక్క మాటన్నారు. "కాఫీ వల్ల రాయలేదు. ఆఖరివి అనుకున్నాను కాబట్టి రాశాను." మరి ఇప్పుడు దేని కోసం రాస్తారు, చెప్పు. నాకేం పాలుపోవడం లేదు. బతికున్న మనిషిని తిరిగి ఇచ్చావు, కుంచె పట్టే మనిషిని ఎక్కణ్ణుంచి తెచ్చుకోను.

నీ వదిన


కాఫీ కొట్టు నుంచి,
మార్చి 12

వదినా,

కాఫీ కలపడం ఆపకు. దాచకు, డికాఫ్ అని పేరు పెట్టి మరీ ముందు పెట్టు. జరిపేస్తే జరిపెయ్యనీ.

కింది ముక్క అన్నయ్యకి చదివి వినిపించు.

అన్నయ్యా, తప్పు నాది, వదినది కాదు. నీకు చెప్పకుండా ఉండాల్సింది కాదు. నిన్ను చిన్నపిల్లాడిలా ఏమార్చాలనుకున్నాను. నువ్వు పోతున్నాననుకుని కూడా నాకు ఫోన్ చేసి వదిన సంగతి చెప్పావు గాని నీ సంగతి ఒక్క మాట అనలేదు. అది తలుచుకుని నేనెంత ఏడ్చానో వాచీల ఆయన్ని అడుగు. క్షమించు అని అడగను, అన్నయ్యవి కాబట్టి ఎలాగూ క్షమిస్తావు. నాకో పని కావాలి. ఆ గింజలు వేయించీ వేయించీ నాకు వాటి మీద మమకారం పుట్టింది. ఇకనుంచి కొట్టులో అమ్ముతాను. ఎదురు కొట్టు చూపించడం మానేశాను. దానికి బోర్డు కావాలి. నన్ను పొగడొద్దు, కాఫీని పొగడొద్దు. తాగి చూడు, తాగాక ఏమనిపిస్తే అది రాయి. కషాయం అనిపిస్తే కషాయం అనే రాయి. అలాగే తగిలిస్తాను.

వదినా, కొలతలు వెనక రాశాను. అచ్చేసి అతికించేవాళ్ళని కూడా అడిగానని చెప్పు. అడగలేదు, కానీ చెప్పు. లేదు, వద్దు, చెప్పకు. ఇక అబద్ధాలు చాలు.

మీ ఇద్దరి ఆడపిల్ల


కుట్టు దుకాణం నుంచి,
మార్చి 23

మరదలు పిల్లా,

చదివి వినిపించాను. మొదటి రోజు, ఆ నీళ్ళకి నేను బోర్డు రాయాలా అన్నారు. రెండో రోజు నీ కొలతలు తప్పన్నారు, ఆ వెడల్పుకి ఆ ఎత్తు సరిపోదట. మూడో రోజు చెక్క కోయించుకొచ్చారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, అది నాకెంత కష్టమో నీకు తెలుసు.

నిన్న పొద్దున తెల్ల రంగు ఆరిందో లేదో వేలితో చూసుకుని కుర్చీ లాక్కున్నారు. నేను కాఫీ కలిపి తీసుకెళ్ళి, ఇది డికాఫ్ అని చెప్పి బల్ల మీద పెట్టాను. జరపలేదు. తాగనూ లేదు. కాసేపయ్యాక ఏదో పని ఉన్నట్టు మళ్ళీ వెళ్ళి చూస్తే, గ్లాసు నిండుగా అలాగే ఉంది. మీ అన్నయ్య సగం బోర్డు రాసేసి ఉన్నారు. ఒక్క గుక్క కూడా తాగకుండా మొదటి గీత గీసేశారు పిల్లా. ఆయనకే తెలియదు. నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను, చెబితే మళ్ళీ చెయ్యి ఆగుతుందేమోనని.

సగంలో ఆపి, తాగి చూడాలి కదా అంటూ గ్లాసు అందుకున్నారు. పూర్తిగా చల్లారిపోయింది. వేడి చేసిస్తానన్నాను, వద్దన్నారు. ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగారు. మిగతాది అడుగు దాకా తాగేసి, మళ్ళీ కుంచె అందుకుని బోర్డు పూర్తి చేశారు. పైన పెద్దగా డికాఫ్ అని ఉంది. కింద రాసింది ఇది: కెఫీన్ లేదు. కాఫీ ఉంది.

నాకు ఆగలేదు. రేపే వ్యానులో వేసి పంపుదామా, మరదలు ఎదురుచూస్తుంటుంది అన్నాను. ఆయన కుంచె తుడుచుకుంటూ, ఇంకో పూత వెయ్యాలి, అదీ ఆరాలి అన్నారు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.

"ఆరనీ" అన్నారు. "నేనెక్కడికీ పోవడం లేదుగా."

నీ వదిన